కప్పు మోసినవాడు

దక్షిణ ఇటలీలోని సీబరి పురావస్తు క్షేత్రంలో అడుగుపెట్టగానే రాళ్ళకంటే ముందు పంపులే పలకరిస్తాయి. అక్కడ నేల కింద నీరు పైపైనే ఉంటుంది. తోడడం ఆపితే తవ్విన గుంటలన్నీ చెరువులైపోతాయి. కళ్ళకు కనబడే రాతి వీధి, రంగస్థలం, స్నానశాలలు రోమన్ల కాలపు కోపియా ఊరివి. దాని కింద గ్రీకుల తూరీ. ఆ రెండింటికీ అడుగున, కొన్ని మీటర్ల లోతు బురదలో, అసలు సిబారిస్ ఉంది. విలాసాలకూ విందులకూ గ్రీకు లోకమంతటా పేరుమోసిన ఊరు అది. ఇప్పుడు దానిని చూడాలంటే చాలావరకు ఊహించుకోవాల్సిందే.

ఈ ఊరిని ముంచింది పక్కనే పారే క్రాతి నది. క్రీ.పూ. 510లో సిబారిస్ మీద యుద్ధం గెలిచిన క్రోటన్ ఊరివాళ్ళు ఆ నదిని మళ్ళించి ఊరి మీదికి వదిలారని గ్రీకు భూగోళకారుడు స్ట్రాబో రాశాడు. 2013 జనవరిలో అదే నది గట్టు దాటి వచ్చి ఈ క్షేత్రం మొత్తాన్ని మళ్ళీ ఒండ్రుతో కప్పేసింది. శుభ్రం చేయడానికి చాలా కాలం పట్టింది. గేటు దగ్గర నిలబడి చూస్తే అంత చిన్న నదికి అంత కోపం ఎక్కడిదా అనిపిస్తుంది.

నేను వచ్చింది సిబారిస్ కోసం కాదు, దాన్ని ఓడించిన సైన్యానికి ముందు నడిచిన మనిషి కోసం. అతని పేరు మైలో. ఊరు క్రోటన్, తండ్రి పేరు డియోటిమోస్, వృత్తి కుస్తీ. ఆ రోజు అతను తలమీద ఒలింపిక్ ఆకుదండలు పెట్టుకుని, హెరాక్లీస్ లాగా సింహం తోలు కప్పుకుని, చేత గద పట్టుకుని యుద్ధానికి వెళ్ళాడని డియోడోరస్ చరిత్రలో ఉంది. సిబారిస్ సేన మూడు లక్షలనీ క్రోటన్ సేన లక్ష అనీ కూడా అతను లెక్క చెప్పాడు. ఆ లెక్కలు నేను నమ్మను. ఆ మైదానంలో అంతమంది నిలబడటానికే చోటు చాలదు. నాకు ముఖ్యంగా తోచింది యుద్ధానికి కారణం. సిబారిస్‌లో టెలిస్ అనేవాడు జనాన్ని రెచ్చగొట్టి అయిదువందల మంది సంపన్నులను ఊరినుంచి వెళ్ళగొట్టించాడు. వాళ్ళు పారిపోయి క్రోటన్ చేరి, నడిబజారులోని బలిపీఠాలను పట్టుకుని శరణు అడిగారు. వాళ్ళను అప్పగిస్తారా, యుద్ధానికి వస్తారా అని టెలిస్ కబురు పెట్టాడు. క్రోటన్ సభ తటపటాయించింది. సిబారిస్ తమకంటే ఎంతో బలమైన ఊరు మరి. మొదట అప్పగించేద్దాం అన్నవాళ్ళే ఎక్కువ. అప్పుడు పైథాగరస్ లేచి, శరణన్నవాళ్ళను వదలకూడదని చెప్పాడు. సభ మనసు మార్చుకుంది. మైలో గద ఎత్తింది అందుకు.

గెలిచాక వాళ్ళు చేసిన పని మాత్రం నాకు మింగుడుపడదు. పట్టుబడ్డవాళ్ళనెవరినీ ప్రాణాలతో వదల్లేదు, ఊరినే లేకుండా చేశారు. అయిదువందల మందికి నీడ ఇవ్వడానికి మొదలైన యుద్ధం లక్షల ఇళ్ళను కాకపోయినా వేల ఇళ్ళను బురదలో కలిపింది. మైలో కథ చెప్పేవాళ్ళు ఇక్కడ కాస్త గబగబా నడుస్తారు. నడవకూడదు.

సీబరి నుంచి క్రొటోనేకి, అంటే ఆనాటి క్రోటన్‌కి, రైలు సముద్రాన్ని ఒరుసుకుంటూ వెళుతుంది. ఎడమవైపు అయోనియన్ సముద్రం. కుడివైపు ఆలివ్ తోటలు, వాటి వెనక నల్లగా సీలా అడవి కొండలు. చీరో దగ్గరకు రాగానే ద్రాక్షతోటలు మొదలవుతాయి. ఒలింపిక్స్‌లో గెలిచి వచ్చిన పహిల్వాన్లకు ఈ నేల ద్రాక్షసారాయమే పోసేవారని ఇక్కడివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు.

ఊరి పుట్టుక గురించి ఒక కథ ఉంది. వలస వెళ్ళబోయే ఇద్దరు నాయకులను డెల్ఫీ దేవుడు అడిగాడట, సంపద కావాలా ఆరోగ్యం కావాలా అని. ఆర్కియాస్ సంపద కోరుకుని సిరక్యూస్ కట్టాడు. మిస్కెల్లోస్ ఆరోగ్యం కోరుకుని క్రోటన్ కట్టాడు. క్రీ.పూ. 710 ప్రాంతంలో పుట్టిన ఈ ఊరు తరవాతి రెండు వందల ఏళ్ళలో ఆ కోరికకు తగ్గట్టే బతికింది. ఒక ఒలింపిక్స్‌లో పరుగుపందెంలో ముందు వచ్చిన ఏడుగురూ ఈ ఊరివాళ్ళేనని చెబుతారు. క్రోటన్ వాళ్ళలో కడపటివాడు మిగతా గ్రీకులందరిలో మొదటివాడు అని సామెత కూడా పుట్టింది. ఇక్కడి వైద్యులు కూడా అంతే పేరున్నవాళ్ళు. దేహాన్ని కనిపెట్టి చూడటం ఆ ఊరికి అలవాటు. మైలో ఆకాశంనుంచి ఊడిపడలేదు.

క్రీ.పూ. 540లో ఒలింపియాలో బాలుర కుస్తీ గెలిచాడు. 532 నుంచి 516 దాకా పెద్దల కుస్తీలో వరసగా అయిదుసార్లు గెలిచాడు. డెల్ఫీలో ఏడు, ఇస్త్మియాలో పది, నెమియాలో తొమ్మిది విజయాలు. కుర్రవాడిగా గోదాలో దిగినవాడు నలభై దాటేదాకా వెనక్కి తగ్గలేదు. ఆ కుస్తీ ఎలాంటిదో తెలిస్తే ఈ లెక్క బరువు తెలుస్తుంది. ఒంటికి ఆలివ్ నూనె రాసుకుని, దానిమీద ధూళి చల్లుకుని, తవ్వి మెత్తబరిచిన ఇసుకలో దిగేవారు. బరువునుబట్టి తరగతులు లేవు. గంట కొట్టి ఆపే వ్యవహారం లేదు. ఎవరితో ఎవరు అన్నది చీటీలు తీసి తేల్చేవారు. నిలబడే పట్టాలి, మూడుసార్లు పడగొట్టాలి. పెద్దగా ఉన్నవాడికి అనుకూలమే, కాని కాలు ముందు జారేదీ వాడికే.

ఒకసారి అతనితో తలపడటానికి ఎవరూ రాలేదట. ఊరికే కిరీటం అందుకోవడానికి నడిచి వస్తూ కాలుజారి వెల్లకిలా పడ్డాడు. పడ్డవాడికి కిరీటం ఏమిటని జనం కేకలు వేశారు. లేచి, పడింది ఒక్కసారే కదా, మిగతా రెండుసార్లు ఎవరైనా వచ్చి పడగొట్టండి అన్నాడట. ఈ కథ నాకు చాలా ఇష్టం. అంత బలమున్నవాడు కోప్పడకుండా నిబంధన గుర్తుచేయడం నాకు నచ్చింది.

బలప్రదర్శనలు కూడా చేసేవాడు. నుదుటికి తాడు కట్టుకుని, పెదవులు బిగించి ఊపిరి నిలిపేవాడు. తలలోని నరాలు ఉబ్బి తాడు పుటుక్కున తెగేది. ఇది చదివినప్పుడు వీరఘట్టం నుంచి వచ్చిన మన కోడి రామమూర్తి గారు గుర్తుకు రాని తెలుగువాడు ఉండడు. ఆయన ఛాతీకి గొలుసు చుట్టుకుని ఊపిరితోనే తెంపేవారు. నూనె రాసిన డిస్కస్ మీద నిలబడ్డ మైలోను ఎవరూ తోసివేయలేకపోయారు. మోచేయి నడుముకు ఆనించి అరచేయి చాచి నిలబడితే చిటికెనవేలిని పక్కవేలి నుంచి విడదీయలేకపోయారు. గుప్పిట్లో దానిమ్మపండు పట్టుకుంటే ఎవరూ లాక్కోలేరు, కాని పండు మాత్రం నలగదు. మిగతావన్నీ ఒక ఎత్తు, ఈ దానిమ్మపండు ఒక ఎత్తు. ఎదుటివాడు ఎంత లాగితే అంతే బిగించాలి, అంతకు మించి ఒక్క పిసరు బిగించినా గింజ చిట్లుతుంది. ఇలా పట్టు తెలిసిన చేతులు గోదాలో ఎంత ప్రమాదమో ఏ వస్తాదునడిగినా చెబుతాడు.

తిండి కథలు అంతులేనివి. రోజుకు ఇరవై మినాల మాంసం, అంతే రొట్టె, మూడు కోయస్‌ల ద్రాక్షసారాయం అని ఎథీనియస్ పుస్తకంలో ఉంది. మన లెక్కలో మాంసమే ఎనిమిది కిలోలు దాటుతుంది, సారాయం దాదాపు పది లీటర్లు. ఒలింపియాలో నాలుగేళ్ళ ఎద్దును భుజాన వేసుకుని మైదానం చుట్టి, దాన్నే కోసి ఒక్కరోజులో ఒక్కడే తిన్నాడని కూడా ఉంది. మనిషి పొట్ట ఎంతో తెలిసినవాళ్ళెవరూ ఇది నమ్మరు.

ప్రపంచానికి ఇవాళ తెలిసిన మైలో మాత్రం ఆ ఎద్దు దగ్గరే ఆగిపోయాడు. పుట్టిన దూడను రోజూ ఎత్తుకుని నడిచాడు, దూడ ఎద్దయ్యేసరికి ఎద్దును మోయగలిగాడు. వ్యాయామం నేర్పేవాళ్ళు బరువు కొద్దికొద్దిగా పెంచుకోవాలని చెప్పడానికి ఈ కథే చెబుతారు. దూడను మోయడం అలవాటైనందువల్లే ఎద్దును మోశాడన్న మాట మైలో చనిపోయిన అయిదారు వందల ఏళ్ళ తరవాత రోమన్ పంతులు క్వింటిలియన్ పుస్తకంలో, అదీ చదువు చెప్పే పద్ధతి గురించి మాట్లాడుతూ, ఒక చిన్న ఉదాహరణగా కనబడుతుంది. 1934లో ఆస్ట్రేలియాలో పుట్టిన పానీయానికి కూడా మైలో పేరే పెట్టారు. మలేసియాలో, సింగపూర్‌లో పెరిగిన తెలుగు పిల్లలకు ఆ ఆకుపచ్చ డబ్బా బాగా తెలుసు.

రోమన్ల కాలపు పెద్దలకు మైలో అంటే చులకన. ఎద్దు బతికుండగా తన ఒంటిని తానే అలవోకగా మోసుకుని పరిగెత్తుతుంది కదా, చచ్చిన ఎద్దును మోయడంలో గొప్పేముందని వైద్యుడు గాలెన్ ఎత్తిపొడిచాడు. ముసలితనంలో మైలో కుర్రవాళ్ళు సాముచేస్తుంటే చూసి, తన చేతులవైపు చూసుకుని, ఇవి చచ్చిపోయాయని కన్నీరు పెట్టుకున్నాడని సిసెరో రాశాడు. అంతటితో ఊరుకోక, చచ్చింది నీ చేతులు కాదు నువ్వే అని మందలించాడు. సిసెరోతో నాకు పేచీ ఉంది. ఎనిమిదో ఏటినుంచో పదో ఏటినుంచో చేతులతోనే బతికిన మనిషి వాటి కోసం ఏడిస్తే అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. గొంతు పోయిన పాటగాడు ఏడవడా?

క్రొటోనే పాత ఊరు గుట్టమీద ఉంది. సందులు మలుపులు తిరుగుతూ అయిదవ చార్లెస్ కోట దగ్గరకు చేరుస్తాయి. ఆ కోట గోడల్లోనూ రేవు కట్టలోనూ పాత గుడి రాళ్ళున్నాయి. ఒక సాయంత్రం ఆ గోడ పక్కన కూర్చుని స్ట్రాబో చెప్పిన మరో కథ తలుచుకున్నాను. నా యాత్రకు అసలు కారణం అదే.

పైథాగరస్ క్రీ.పూ. 530 ప్రాంతంలో ఈ ఊరు వచ్చాడు. సంఖ్యలు, సంగీతం, ఆత్మ, ఆహార నియమాలు అన్నీ కలిపి ఒక జీవనవిధానం నేర్పాడు. మైలో ఆ బృందంలో తిరిగేవాడు. పైథాగరస్ కూతురు మియా మైలో భార్య అని తరవాతివాళ్ళు రాశారు. జంతువుల ఆత్మ గురించి చెప్పే గురువు, ఎద్దును తిన్నాడని పేరుపడ్డ అల్లుడు! పైథాగరస్ అనే పేరుతోనే ఒక వ్యాయామ గురువు కూడా ఉండేవాడనీ, పహిల్వాన్లకు ఎండు అంజూరాలు, జున్ను మానిపించి మాంసం అలవాటు చేసింది ఆయనేననీ పాతవాళ్ళే కొందరు అన్నారు. ఏమైనా, ఒకరోజు ఆ తత్వవేత్తలందరూ కలిసి భోంచేస్తుండగా శాలలో ఒక స్తంభం కదిలింది. కప్పు దిగబడుతోంది. మైలో లేచి స్తంభం ఉన్న చోట తాను నిలబడి కప్పును మోశాడు. ఒక్కొక్కరూ బయటికి వెళ్ళారు. అందరూ వెళ్ళాక తనూ తప్పించుకున్నాడు.

ఎద్దును ఎత్తితే చప్పట్లు వస్తాయి. దూలం కింద నిలబడ్డవాడిని ఆ క్షణాన ఎవరూ చూడరు, అందరి కళ్ళూ గుమ్మంవైపే ఉంటాయి. ఎంతసేపు మోయాలో కూడా తెలియదు. ముసలి గురువు ఎంత నెమ్మదిగా నడుస్తాడో అంతసేపు మోయాలి. ఒలింపియాలోని విజయాలన్నీ కలిపినా నాకు ఈ కొన్ని నిమిషాలే పెద్దవిగా కనబడతాయి.

అతని పేరు ఎంత దూరం వెళ్ళిందో చెప్పడానికి హెరోడోటస్ ఒక సంగతి రాశాడు. క్రోటన్ వైద్యుడు డెమోసెడిస్ పర్షియా చక్రవర్తి డరయస్ కొలువులో బందీలాంటి వైద్యుడు. ఉపాయంతో తప్పించుకుని సొంత ఊరు చేరాడు. వెంటబడి వచ్చిన పర్షియన్లతో, నేను మైలో కూతురిని పెళ్ళాడుతున్నానని మీ రాజుకు చెప్పండి అని కబురంపాడు. ఆ పెళ్ళి కోసం భారీగా డబ్బు కూడా పోశాడట. మైలో పేరంటే డరయస్‌కు అంత గౌరవం. ఆ చక్రవర్తి సూసా కొలువులో కూడా తెలిసిన కుస్తీవాడన్నమాట.

చివరికి కిలోన్ అనే పెద్దమనిషి పైథాగరస్ బృందం మీద పగబట్టాడు. అతని మనుషులు, సభ జరుగుతున్న ఇంటికి నిప్పుపెట్టారు. ఇద్దరు కుర్రవాళ్ళు ఆర్కిప్పోస్, లిసిస్ మాత్రం బయటపడ్డారు. ఆ ఇల్లు మైలోదే.

కొత్త ఊళ్ళో ఒక ఇండోర్ క్రీడాశాల ఉంది. పేరు 'పాలామిలోనే', మైలో పేరే దానికి పెట్టారు. మామూలు మునిసిపాలిటీ కట్టడం, లోపల పిల్లలు బంతాటలు ఆడుకునే చెక్క నేల. 2023 ఫిబ్రవరి 26 తెల్లవారుజామున ఈ ఊరికి దక్షిణాన స్తెక్కాతో ది కూత్రో తీరంలో టర్కీ నుంచి వచ్చిన చెక్క పడవ ఒకటి ఒడ్డు కనబడే దూరంలో ఇసుకతిన్నెకు తగిలి ముక్కలైంది. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, ఇరాన్, సిరియా నుంచి బయల్దేరిన వాళ్ళు అందులో ఉన్నారు. కనీసం 94 మంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది చిన్నపిల్లలు. శవపేటికలను తెచ్చి ఈ ఆటస్థలంలోనే వరుసగా పెట్టారు. పిల్లల పేటికలు తెల్లవి. క్రొటోనే జనం పూలు, బొమ్మలు, చేత్తో రాసిన కాగితాలు తెచ్చి బయటి కంచెకు కట్టారు. జర్మనీనుంచి, ఇంకెక్కడెక్కడినుంచో బంధువులు వచ్చి పేటికల పక్కన నేలమీద కూర్చున్నారు. శరణు కోరి వచ్చినవాళ్ళను అప్పగించాలా వద్దా అని పాతికశతాబ్దాల కిందట సభపెట్టిన ఊరు ఇదే. ఈసారి వచ్చినవాళ్ళలో చాలామంది బతికి బలిపీఠం దాకా చేరలేకపోయారు. ఆ క్రీడాశాల గేటు ముందు నేను నిలబడినప్పుడు లోపల ఎవరో విజిల్ ఊదుతున్నారు, పిల్లలు పరిగెడుతున్నారు.

మర్నాడు కాపో కొలొన్నా బస్సెక్కాను. ఊరికి పది కిలోమీటర్ల అవతల సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండచరియ అది. అక్కడ హేరా లసీనియా గుడి ఉండేది. ఇప్పుడు ఒకే ఒక్క స్తంభం మిగిలింది, ఎనిమిది మీటర్లకు పైన ఎత్తు. రాతి దిమ్మె మీద దిమ్మె పేర్చి నిలిపిన డోరిక్ కంబం. ఉప్పుగాలికి అంచులు కరిగి గరుకుగా అయ్యాయి. దగ్గరకు వెళ్ళి చూస్తే రాతిలో చిన్నచిన్న గవ్వల ముక్కలు కనబడతాయి. దీనికి జతగా మరొకటి ఉండేది, 1638 భూకంపంలో పడిపోయింది. పక్కనే మేరీమాత చర్చి. మే నెలలో క్రొటోనే జనం ఆమె పటాన్ని రాత్రంతా కాలినడకన మోసుకుని ఇక్కడికి వస్తారు.

మైలో ఈ గుడికి పూజారి అని ఒక మాట ఉంది. ఒలింపియాలో డమియాస్ చెక్కిన మైలో విగ్రహం డిస్కస్ మీద పాదాలు జోడించి, చేత దానిమ్మపండుతో, తలకు పట్టీతో ఉండేది. దానిమ్మ హేరాకు ప్రీతి, ఆ పట్టీ పూజారి గుర్తు అని తత్వవేత్త అపొల్లోనియస్ విడమరిచి చెప్పినట్టు ఫిలొస్ట్రాటస్ రాశాడు. ఆ విగ్రహాన్ని మైలోనే భుజాన ఎత్తుకుని ఒలింపియాలోని ఆల్టిస్ వనంలోకి తెచ్చాడట. కాపరి లేకుండా మేసే హేరా పశువుల మంద కూడా ఈ కొండమీదే ఉండేదని లివీ రాశాడు. దేవతకు అర్పించిన పశువును మోసుకెళ్ళిన పూజారి కథే జనం నోట్లో పడి ఎద్దును మోసిన పహిల్వాన్ కథ అయిందేమో అని నాకు అనుమానం. ఈ గుడి నుంచే వెలికివచ్చిన క్రీ.పూ. ఆరో శతాబ్దపు బంగారు కిరీటాన్ని ముందురోజే చూశాను. సన్నని రేకు మీద జడ అల్లిక, చుట్టూ ఆకులు. మైలో చూసి ఉండదగ్గ వస్తువు.

తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు ఒక పెద్దాయన, కాలేజీ చదివే ఆయన మనుమరాలు పక్కన ఉన్నారు. ఆ అమ్మాయికి ఇంగ్లీషు వచ్చు. నేను ఎందుకొచ్చానో చెబితే తాతగారికి ఇటాలియన్‌లో చెప్పింది. ఆయన కళ్ళు వెలిగాయి. మైలో చావు సంగతి నేనే ఎత్తాను. అడవిలో మేకులు దిగ్గొట్టి సగం చీల్చిన చెట్టొకటి కనబడితే, చేతులు పెట్టి పూర్తిగా చీల్చబోయాడనీ, మేకులు జారిపడి చెట్టు చేతులను పట్టేసిందనీ, అడవి మృగాలు తినేశాయనీ స్ట్రాబో, పౌసానియస్ ఇద్దరూ రాశారు. ఆ మృగాలు తోడేళ్ళని పౌసానియస్ చెప్పాడు. ఆ తోడేళ్ళను పియేర్ పుజే 1682లో సింహంగా మార్చి చెక్కిన పాలరాతి శిల్పం ఇప్పుడు లూవ్ర్‌లో ఉంది. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"సీలాలో తోడేళ్ళున్న మాట నిజమే, ఇప్పటికీ ఉన్నాయి. కాని చెట్టులో చెయ్యి పెట్టాడన్నది అబద్ధం. అది సిబారిస్‌వాళ్ళు పుట్టించిన కథ" అన్నాడు.

"మరి కప్పు మోశాడన్నది?" అని అడిగాను.

"అది నిజం. మా నాన్న గని పనికి వెళ్ళేవాడు. పైనుంచి రాయి దిగబడేటప్పుడు బలమున్నవాడు ఏం చేస్తాడో నాకు తెలుసు" అన్నాడాయన.

బస్సు వచ్చింది. ముందు ఆయనను ఎక్కనిచ్చి, పక్క సీట్లో కూర్చున్నాను. ఊరు చేరేదాకా ఆయన ఆ శాలలో స్తంభం ఎక్కడ ఉండి ఉంటుందో, మైలో ఏ కాలు ముందు పెట్టి ఉంటాడో, మోకాళ్ళు ఎంత వంచి ఉంటాడో చేతులతో చూపిస్తూనే ఉన్నాడు. చెట్టు కథ విషయంలో నేనూ ఆయన పక్షమే.